మెల్లగా నొక్కినప్పుడు

పొద్దున్నుంచి గిరిబాబు ఒకచోట కూర్చోలేకపోతున్నాడు. బల్ల ముందు కూర్చుంటాడు, ఎదురుగా ఉన్న కీబోర్డు వంక చూస్తాడు, లేచి వాకిలి దాకా వెళ్ళి కోట ఊరి బజారు రోడ్డు చూసి వస్తాడు. మళ్ళీ కూర్చుంటాడు. జూన్ మొదటి వారం. పది గంటలకే ఎండ తారు మీద నీళ్ళలా మెరుస్తోంది. ఫ్యాను తిరుగుతున్నదన్న మాటే గానీ గాలి లేదు.

లోపలి గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండారే. ఆయన వచ్చేది మూడింటికి గదా?" అంది అతని భార్య కామాక్షి.

"ఆయన కోసం కాదు."

"మరి ఎవరి కోసం?"

గిరిబాబు మళ్ళీ వాకిలి వైపు నడిచాడు. మిషను మళ్ళీ నడిచింది.

అతనికి యాభై రెండేళ్ళు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు స్టార్టర్ పెట్టెలు బాగుచేయడం అతని బతుకుతెరువు. పాత కీబోర్డులు అతని పిచ్చి. పాతసామాన్ల కొట్లలో, మూతబడిన ఆఫీసుల వేలాల్లో దొరికినవి ఏరుకొచ్చి, కడిగి, బాగుచేసి, వాటి విలువ తెలిసినవాళ్ళకు ఇస్తుంటాడు. ఇప్పటి చవక కీబోర్డుల్లో మీటలన్నిటి కిందా ఒకటే రబ్బరు పొర. నొక్కితే తడిసిన అట్టను నొక్కినట్టుంటుంది. పాతవాటిలో అలా కాదు. ప్రతి మీటకూ దాని సొంత స్విచ్చి ఉంటుంది, ఆ స్విచ్చిలో ఒక స్ప్రింగు, ఒక పల్చని రాగి రేకు. సగం నొక్కేసరికి టిక్కుమంటుంది, వేలికి చిన్న మెట్టు దిగినట్టు తెలుస్తుంది. చూడకుండానే అక్షరం పడిందని నమ్మవచ్చు.

బల్ల మీదున్న కీబోర్డు సామ్రాజ్యం అనే ఆవిడది. ముప్పై ఏడేళ్ళ కిందట తయారైంది. రెండున్నర కిలోల బరువు. లోపల అడ్డంగా ఇనుప పలక. మీటల మీది అక్షరాలు పైన అచ్చేసినవి కావు, రెండు రంగుల ప్లాస్టిక్కును ఒకదానిలో ఒకటి పోసి చేసినవి. మీట అరిగినా అక్షరం అరగదు. పదకొండేళ్ళ కిందట ఒక షిప్పింగు ఆఫీసు మూతబడినప్పుడు గిరిబాబు దాన్ని తెచ్చి, తన దగ్గర ఒక్క నెల కూడా ఉంచుకోకుండా ఆమెకు ఇచ్చేశాడు.

సముద్రం ఒడ్డున పాళెంలో టైపు నేర్చుకున్న మొదటి ఆడమనిషి సామ్రాజ్యం. ఇరవై ఆరేళ్ళుగా అక్కడి మత్స్యకారుల సంఘంలో కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఏ పడవకు ఏ నంబరో, ఏ ఇంజను ఎవరిదో ఆమె కొట్టిన జాబితాలో ఉంటేనే పడవ వేటకు కదులుతుంది.

ఉగాది వెళ్ళిన వారానికి ముత్యాలయ్య పడవ నాలుగు రోజులు ఇసుకలో పడి ఉంది. ఇంజను మీద చెక్కిన నంబరులో ఏడు అంకె ఒకసారే ఉంది, సంఘం కాగితంలో రెండుసార్లు పడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు రెండూ ఒకటి కాదన్నారు. వెతికితే జాబితాలో ఇంకో మూడు పడవలకూ అదే తప్పు. సామ్రాజ్యానికి ఎనిమిదేళ్ళుగా షుగరు. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతున్నాయని ఎప్పుడో ఒకసారి అన్నది. అది పట్టుకుని ముత్యాలయ్య భార్య పేరమ్మ, సామ్రాజ్యానికి వేళ్ళు చచ్చిపోయినాయని ఒడ్డు పొడవునా చెప్పుకొచ్చింది.

సామ్రాజ్యం కీబోర్డును తువ్వాలులో చుట్టుకుని బస్సులో కోటకు తెచ్చింది. తప్పు తనదా, దీనిదా చూసి చెప్పమంది. గిరిబాబు దాన్ని కంప్యూటరుకు తగిలించి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ప్రతి మీటనూ టకటకా కొట్టాడు. బిగిసిపోయిన బోల్టులు విప్పే చేతులు అవి. ఒక్క అక్షరమూ తప్పు పడలేదు.

"బోర్డు బంగారం అక్కా" అన్నాడు సంతోషంగా.

ఆమె ఏదో అంటుకున్నట్టు పది వేళ్ళనూ కొంగుకు తుడుచుకుంది.

పోయిన శుక్రవారం అదే తువ్వాలులో కీబోర్డు ఆటోలో తిరిగొచ్చింది. వెంట ఫోను. "ఎవరన్నా ఇష్టపడేవాళ్ళకు ఇచ్చెయ్ అబ్బయా. నేను కుర్చీ దిగతుండా. నెల్లూరు నుంచి ప్రవీణ్ అని ఒకబ్బాయి వస్తాడు, మంగళవారం."

ఈరోజు మంగళవారం. వేట నిషేధం ఇంకో వారంలో అయిపోతుంది. నూట నలభై పడవల జాబితా రేపు పొద్దున పదింటికి మత్స్యశాఖ ఆఫీసుకు చేరాలి.

ఫోను మోగింది. వెంకటాచలం నుంచి నరేంద్రబాబు. పాత కీబోర్డులు సేకరించే ఇంజనీరు, మూడింటికి దీన్ని తీసుకోవడానికి వస్తానన్నది అతనే. ఇంతకుముందు గిరిబాబు దగ్గర రెండు తీసుకున్నాడు. పెళ్ళిచూపులకు వచ్చేవాడికైనా అన్ని ప్రశ్నలుండవు.

"తుప్పు ఉందా గిరిబాబు గారూ?"

"పలక అంచున గోరంత. పైకి కనపడదు సార్."

"రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పితే?"

"కిర్రుమనదు. బండరాయి."

"రంగు?"

"స్పేసుబారు కొంచెం పసుపెక్కింది. మిగతాదంతా అప్పటి రంగే."

"స్విచ్చిలు మెల్లగా నొక్కి చూశారా?"

"అంటే?"

"అందరూ కొట్టి చూస్తారండీ. గట్టిగా కొడితే చెడిపోయిన స్విచ్చి కూడా సక్రమంగా పలుకుతుంది. నిదానంగా దించితేనే దాని గుట్టు బయటపడేది. కొంచెం చూసి పెట్టండి, ఏమీ అనుకోకండి."

ఫోను పెట్టేశాక గిరిబాబు బల్ల సొరుగులోంచి సీసం గుండ్ల డబ్బా తీశాడు. మీట బరువు తూచడానికి అది అతని సొంత పద్ధతి. వల అంచుకు కట్టే గుండ్లు, ఒక్కోటి అయిదు గ్రాములు. మందుసీసా మూతను మీట మీద బోర్లించకుండా నిలబెట్టి, అందులో ఒక్కొక్క గుండూ వేస్తూ పోవడమే. మంచి బోర్డయితే అన్ని మీటలూ పన్నెండుకూ పదమూడుకూ మధ్య దిగుతాయి. ఈ పరీక్ష అతను కొత్తగా తెచ్చిన బోర్డులకు చేస్తాడు. సామ్రాజ్యం వచ్చిన రోజున చేయలేదు. తను ఏరి తెచ్చిన బోర్డు, తను బాగుచేసిన బోర్డు, దానికి మళ్ళీ పరీక్షేమిటనుకున్నాడు.

అక్షరాల వరసలు మూడూ సరిగ్గా దిగాయి. పదమూడో గుండుకు టిక్కుమన్నాయి. అంకెల వరసకు వచ్చాడు. ఏడు మీద మూత పెట్టాడు. పన్నెండో గుండుకు మీట వణికింది. పదమూడోది వేశాడు. మీట మెల్లగా కిందికి జారింది. తెర మీద ఏడు పడింది. అతను చెయ్యి వెనక్కు తీసేలోపు పక్కన ఇంకో ఏడు పడింది.

ఫ్యాను అదురుకు కదిలిందేమోనని ఫ్యాను ఆపాడు. చెమట మోచేతుల నుంచి బల్ల మీదికి కారుతోంది. మళ్ళీ చేశాడు. రెండు ఏడులు. మళ్ళీ చేశాడు. మూడు. నాలుగు అంకె మీద పెడితే రెండు నాలుగులు. గట్టిగా కొడితే మాత్రం ఒకటే, బుద్ధిమంతుడిలా.

లేచి వాకిలి దాకా వెళ్ళాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. తిరిగొచ్చాడు.

సామ్రాజ్యం మీటలను కొట్టే మనిషి కాదు. ఎప్పుడూ నెమ్మదిగా, నిద్రపోతున్న బిడ్డ మీద చెయ్యి వేసినట్టు నొక్కుతుంది. తప్పు పడుతోందని భయం పట్టుకున్నాక ఇంకా మెల్లగా నొక్కి ఉంటుంది. మెల్లగా నొక్కేకొద్దీ ఇంకా తప్పులు పడి ఉంటాయి.

ఏడు మీటను పెరికి, కింద స్విచ్చి టోపీని విప్పాడు. రాగి రేకు మీద మెరుస్తూ, పొడిగా ఉండాల్సిన చోట గోధుమరంగు జిగురు. దుమ్ము, ఉప్పు, ఇంకేదో కలిసిన ముద్ద. పుల్లతో తీసి వెలుతురుకు పట్టుకున్నాడు.

కామాక్షి మజ్జిగ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. వంగి పుల్ల వాసన చూసింది.

"ఇది నా మిషను నూనె."

గిరిబాబు ఆమె వంక చూశాడు.

"నన్నెందుకు చూస్తారు? ముందటేడు వానల్లో కొత్త డబ్బా ఎత్తుకపోయినారు గదా. గేటుకు కొంత, తాళానికి కొంత, స్కూటరు స్టాండుకు కొంత. నా మిషనుకు చుక్క మిగల్చలా. అడిగితే, సామ్రాజ్యం అక్క కీబోర్డు తుప్పు పట్టకుండా వేసినా అంటిరి."

అవును, వేశాడు. సముద్రం నుంచి వచ్చే గాలి ఇక్కడ దేన్నీ వదలదు. తలుపు గొళ్ళెం, సైకిలు గొలుసు, పడవ ఇంజను, బావి గిలక, అన్నిటికీ తుప్పు కంటే ముందు నూనె చేరాలి. ఈ ఒడ్డున పుట్టినవాడికి అది ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే నూనె డబ్బా వైపు పోతుంది. గేటుకు మంచిదైంది స్విచ్చికి విషమని, నూనె దుమ్మును పిలిచి కూర్చోబెడుతుందని, చేతిలో డబ్బా ఉన్నప్పుడు అతనికి తట్టనే లేదు. అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అంకెల వరస గనక ముందు దానికి పోశాడు. ఆ వరస చివరికి వచ్చేసరికి డబ్బా ఖాళీ. అక్షరాలు బతికిపోయాయి.

"ఆమెకు చెప్తారా?" అంది కామాక్షి.

"చెప్పాల."

"బంగారం అని చెప్పిన నోటితోనా?"

అతను మజ్జిగ ఎత్తి పట్టుకున్నాడు, తాగకుండానే దించాడు. ఆమె ఫ్యాను వేసి లోపలికి వెళ్ళింది.

పన్నెండున్నరకే వాకిట్లో కారు ఆగింది. "మూడింటి దాకా ఆగలేకపోయాను" అంటూ నరేంద్రబాబు చెప్పులు విప్పాడు. నేరుగా వచ్చి కీబోర్డును రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, మెల్లగా దించాడు. అరచేతితో మీటల మీద అటూ ఇటూ నిమిరాడు. గిరిబాబు జరిగిందంతా నిలబడే చెప్పాడు.

"అయితే ఏముంది? నాకివ్వండి. తీరిగ్గా విప్పి కడుక్కుంటాను. నెలలో కొత్తది చేస్తాను."

"నెల లేదు సార్. సాయంత్రానికి ఆమె కుర్చీ దిగతుంది."

"ఆమెకు ఇంకో మంచి బోర్డు ఇవ్వండి. మీ దగ్గర లేకపోతే నేనే ఇస్తాను."

"ఇంకోటి ఇస్తే, దాని మీద సరిగ్గా పడతాయి. బోర్డు మారబట్టి పడినాయి అనుకుంటుంది, తన వేళ్ళు బాగుండాయని అనుకోదు. దీని మీదనే తప్పు పడింది. దీని మీదనే సరిగ్గా పడాల."

నరేంద్రబాబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిరిబాబు వేలు కీబోర్డు పై అంచున ఎఫ్ గుర్తులున్న పన్నెండు మీటల వరస మీద ఆగింది. కొందరికి వాటితో పని ఉంటుంది. జాబితాలు కొట్టే సామ్రాజ్యం వాటిని ముట్టుకున్నదే లేదు. వాటికి నూనె కూడా చేరలేదు. కింద స్విచ్చిలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటాయి.

"వీటిని పెరికి అంకెలకు వేస్తా" అన్నాడు.

"ఒక్క నిమిషం." నరేంద్రబాబు గొంతు మారింది. "ముప్పై ఏడేళ్ళుగా ఈ బోర్డులో ఒక్క సీసం అతుకు కూడా ఎవరూ విప్పలేదు. అలాంటిది నేను చూసి ఆరేళ్ళయింది. మీరు దాన్ని విప్పారంటే ఇక నాబోటివాడెవడూ దీన్ని తీసుకోడు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

"తెలుసు సార్."

"పై వరస పళ్ళూడిన నోరులా ఉంటుంది."

"ఉంటుంది."

కుట్టుమిషను ఆగింది. నరేంద్రబాబు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

"పట్టుకోవాలా? ఒక్కరే చేస్తే పలక కదులుతుంది."

గంటన్నర పట్టింది. కాలిన సీసం పొగ ఇద్దరి కళ్ళలోకీ పోయింది. నరేంద్రబాబు పలకను రెండు వైపులా పట్టుకుని, పురుడు చూడలేనివాడిలా మొహం పక్కకు తిప్పుకున్నాడు. పది మంచి స్విచ్చిలు అంకెల కిందికి చేరాయి. నూనె తాగిన పదింటినీ గిరిబాబు కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పై వరసలో పది చదరపు కన్నాలు మిగిలాయి.

మూత, గుండ్లు. ఒకటి నుంచి సున్నా దాకా. పదమూడో గుండుకు ఏడు దిగింది. ఒకటే పడింది. ఇద్దరూ తెర వంక చూశారు. ఒకటే ఉంది. ఇరవైసార్లు చేశారు. ఆ వేళకు తూర్పు గాలి తిరిగి, తలుపు మీది తెర మొదటిసారి లేచింది.

"నా కారులో పోదాం పదండి" అన్నాడు నరేంద్రబాబు. "స్కూటరు మీద గతుకులకు ఈ పచ్చి అతుకులు నిలబడవు."

దారి పొడవునా గిరిబాబు కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఏరేటర్లు నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. ప్రతి గతుకుకూ అతని చేతులు బోర్డు కింద బిగిశాయి. ఏం చెప్పాలో పాళెం వచ్చేదాకా ఏడెనిమిది రకాలుగా అనుకున్నాడు. కారు దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

సంఘం ఆఫీసు మెట్ల మీద పేరమ్మ కూర్చుని ఉంది.

"ఏంది గిరీ, కారులో దిగతుండావు? రొయ్యల్లో నీకూ వాటా ఇస్తుండారా?"

"అక్క ఉండాదా?"

"ఉండాది. సొరుగు ఖాళీ చేస్తుండాది. నెల్లూరబ్బాయి అయిదింటి బస్సుకు వస్తాడంట. ఈసారన్నా మా ఇంజను నంబరు సరిగ్గా పడేది చూసుకునే పోతా నేను. ఇట్నే కూర్చుంటా."

సామ్రాజ్యం బల్ల ముందు ఉంది. కళ్ళద్దాల పెట్టె, మాత్రల చీటీ, పాత స్టాంపు ఒక సంచిలో సర్దింది. గిరిబాబు చేతిలో కీబోర్డు చూసి, "మళ్ళా ఎందుకు తెస్తివి?" అంది.

"అక్కా, తప్పు నీ వేళ్ళది కాదు. నాది."

ఆమె చేతులు సంచి మీద ఆగాయి. అతను జేబులోంచి కాగితం తీసి విప్పి, గోధుమరంగు ముద్ద పట్టిన స్విచ్చిలను బల్ల మీద పోశాడు. నూనె సంగతి చెప్పాడు. గట్టిగా కొట్టి చూసిన సంగతి చెప్పాడు. మెల్లగా నొక్కితే ఏం జరుగుతుందో చెప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ నరేంద్రబాబు నేల చూశాడు.

"ఆ రోజు నీ ఎదురుగానే కూర్చోనుంటిని గదా" అంది సామ్రాజ్యం. "బంగారం అంటివి."

"అంటిని."

"ఇంటికి పొయ్యి ఏం చేసినానో తెలుసా? చేట నిండా బియ్యం పోసుకుని, కళ్ళు మూసుకుని రాళ్ళు ఏరినా. వేళ్ళకు రాయి తెలస్తదో లేదో చూసుకునేదానికి. మూడు రోజులు ఏరినా."

మెట్ల మీద నుంచి పేరమ్మ తల లోపలికి పెట్టింది. "తెలిసినాయా?"

"అన్నీ తెలిసినాయి. అయినా నమ్మలా. గిరిబాబు బంగారం అన్నాడు గదా, తప్పు నాదే అయ్యుంటదనుకున్నా." ఆమె గొంతు పెంచలేదు. "తిట్టుకున్నా వేళ్ళను. కన్నబిడ్డల్ని తిట్టినట్టు."

గాలికి బల్ల మీది కాగితం రెపరెపలాడింది. పేరమ్మ లేచి లోపలికొచ్చి, దాని మీద నీళ్ళ చెంబు పెట్టింది.

"తగిలించు" అంది సామ్రాజ్యం.

గిరిబాబు తగిలించాడు. ఆమె పై వరస కన్నాలు చూసింది, వాటి మీద ఒకసారి వేలు రాసింది, ఎందుకని అడగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది.

"పేరమ్మా, మీ ఇంజను నంబరు చెప్పు."

కాగితం అక్కర్లేదు పేరమ్మకు. ఇసుకలో పడవ ఉన్న ఆ నాలుగు రోజుల్లో ఆ నంబరు ఆమెకు ఇంటిపేరులా నోటికొచ్చింది. ఒక్కో అంకే చెప్పింది. సామ్రాజ్యం ఒక్కో మీటే నొక్కింది. గిరిబాబు జన్మలో ఏ మీటా అంత మెల్లగా దిగడం చూడలేదు. సీసం గుండు కూడా అంతకంటే తొందరపడుతుంది. ఏడు దగ్గర వేలు ఆగింది, దిగింది, టిక్కుమంది, అక్కడే ఉంది, పైకి లేచింది.

పేరమ్మ తెరకు మొహం ఆనించేంత దగ్గరికి వంగింది. అంకెల మీద వేలు పెట్టి లెక్క చూసుకుంది.

"ఒకటే ఉండాది" అంది. నిటారుగా నిలబడి, సామ్రాజ్యం వైపు చూడకుండా, "నేను ఒడ్డున ఏందేందో వాగినా" అంది.

"వాగినావు. ఇప్పుడు పొయ్యి ఇది కూడా వాగు."

"పోతా. ముందు టీ తెస్తా."

సామ్రాజ్యం ఫోను అందుకుంది. "ప్రవీణూ, బస్సెక్కినావా నాయనా? ఎక్కకుంటే ఎక్కబాకు. ఆ, నేనే చేస్తుండా." ఫోను పెట్టి గిరిబాబు వైపు తిరిగింది. "తిమ్మిరి మాత్రం ఉండాది. అదేమీ అబద్ధం కాదు. రేపో ఏడాదికో ఈ వేళ్ళు నిజంగానే చాలవంటాయి. ఆ రోజు అవి చెప్తే నేను దిగతా. నువ్వు చెప్తే కాదు."

"సరే అక్కా."

"నూట నలభై పడవలుండాయి. కూర్చో. నంబర్లు నువ్వు చదువు."

పొద్దున్నుంచి కూర్చోలేని మనిషి కూర్చున్నాడు. కాళ్ళు బల్ల కింద కదులుతూనే ఉన్నాయి. ఒక్కో అంకె చదివి, టిక్కుమనే దాకా ఆగి, తెర చూసి, తర్వాతది చదివాడు. ప్రతి టిక్కు వెనకా ఇంకో టిక్కు కోసం చెవి నిక్కబొడుచుకునే ఉంది. కిటికీ పక్కన నరేంద్రబాబు టీ గ్లాసు పట్టుకుని ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు. టీ చల్లారిపోయింది.

ముప్పై ఆరో పడవ దగ్గర గిరిబాబు చదవడం ఆపాడు.

"ఏమయింది?"

"ఇందులో..." కాగితాన్ని వెలుతురుకు తిప్పాడు. "ఇందులో నిజంగానే ఏడు రెండుసార్లు ఉండాది."

"ఉంటే చదువు."

"ఏడు" అన్నాడు. ఆమె నొక్కింది. ఒకటే పడింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఏడు" అన్నాడు మళ్ళీ. ఆమె మళ్ళీ నొక్కింది.